పాత వెండి, సింగారపు పెట్టెల సేకరణ: కొనే ముందు నుంచి బీరువాలో పెట్టేదాకా

"అమ్మమ్మ కాలం నాటి అత్తరుదాన్ ఇంట్లో ఉంది, అసలు వెండేనా?", "హైదరాబాద్‌లో సీసాలున్న ఇంగ్లిష్ పెట్టె ఒకటి చూశాను, కొనొచ్చా?" అని వరంగల్, కరీంనగర్, జగిత్యాల నుంచి అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే బదులు చేయాల్సిన పనులన్నీ ఇక్కడ వరసగా పెడుతున్నాను.

ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. మన దగ్గర పాత వెండి వస్తువు దుకాణానికి వచ్చిందంటే ఎక్కువసార్లు అది కాంటా మీదికి, అక్కడి నుంచి మూసలోకి పోతుంది. మీరు కొనడం ఆలస్యమైనా, కొన్నాక తళతళ మెరవాలని గట్టిగా రుద్దినా చివరికి పోయేది ఆ పనితనమే. అందుకే ఇందులో వస్తువును చూడటం గురించి, తోమకుండా ఉండటం గురించి ఎక్కువ ఉంటుంది.

1. ఏం సేకరించాలో ముందు తేల్చుకోండి

కనిపించిందల్లా కొంటే రెండేళ్లకు బీరువా నిండుతుంది, అందులో చెప్పుకోదగ్గది ఒకటీ ఉండదు. ఒక దారి పట్టుకోండి. మన ప్రాంతంలో ఉండేవాళ్లకు నాకు తోచిన దారులు ఇవి:

- ఇంటి వెండి: కుంకుమ భరిణెలు, గంధపు గిన్నెలు, పన్నీరు బుడ్లు, మరచెంబులు, పాన్‌దాన్లు, ఉగ్గు గిన్నెలు.
- కరీంనగర్ ఫిలిగ్రీ, అంటే సన్నని వెండి తీగను మెలిపెట్టి అల్లిన పని.
- బిద్రీ: బీదర్‌ది. నల్లని లోహం మీద వెండి పొదుగుతారు. నిజాం కాలంలో మన ఇళ్లలోకీ బాగానే వచ్చింది.
- ఇంగ్లిష్ వెండి, సింగారపు పెట్టెలు: చెక్క పెట్టెలో గాజు సీసాలు, వెండి మూతలు, దువ్వెన, బ్రష్షులు, అద్దం, ఒక్కోదానికి కొలిచి చేసిన గూళ్లు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఇంటి వెండే. తప్పు జరిగినా కనీసం వెండి విలువ చేతిలో ఉంటుంది. సింగారపు పెట్టెలో ఆ భరోసా లేదు, అక్కడ వెండి బరువు తక్కువ, మిగతాదంతా గాజు, చెక్క, మఖమలు.

డబ్బు తీసేముందు కళ్లకు పని చెప్పండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫిలిగ్రీ, బిద్రీ ఉన్నాయి. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో చివరి నిజాంకు రజతోత్సవంలో వచ్చిన కానుకలు ఉన్నాయి. గాజు పెట్టె ముందు నిలబడి మొత్తం వస్తువును కాకుండా అతుకులు, కాళ్లు, మూత అంచులు చూడటం అలవాటు చేసుకోండి. మంచి పని ఎలా ఉంటుందో తెలిస్తే చెడ్డ పని దానంతటదే కనిపిస్తుంది.

2. సంచిలో ఉండాల్సినవి

- 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం
- చిన్న డిజిటల్ కాంటా, కొంచెం దారం
- అయస్కాంతం
- టార్చి (ఫోన్‌ది పనికొస్తుంది కానీ విడిగా ఉంటే పక్క నుంచి వెలుగు వేయొచ్చు)
- మెత్తని నూలు గుడ్డ
- చిన్న నోట్‌బుక్, పెన్ను

యాసిడ్ సీసా సంచిలో వేసుకుని తిరగకండి. ఆ పని దుకాణంలోనో హాల్‌మార్కింగ్ సెంటర్‌లోనో చేయిద్దాం.

3. ఎక్కడ వెతకాలి

మొదట మీ ఇల్లు, చుట్టాల ఇళ్లు. అటక మీది సందుగల్లో ఉన్నంత సరుకు బజారులో ఉండదు.

తర్వాత వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల, హనుమకొండ, కరీంనగర్ బజార్లలో పాత వెండి తీసుకునే కొట్లు. ఇక్కడ అడిగే తీరు ముఖ్యం. "యాంటిక్ ఉందా" అంటే ధర అప్పుడే పెరుగుతుంది, పైగా నిన్నగాక మొన్న చేసి నల్లబరిచిన ఆక్సిడైజ్డ్ సరుకు ముందు పెడతారు. "సేటు, కరిగించడానికి పోయే పాత సామాను ఏమన్నా ఉంటే ఒకసారి చూపించండి, తూకం మీద కొంచెం ఎక్కువే ఇస్తా" అనండి. ఫోన్ నంబర్ ఇచ్చి రండి. మళ్లీ మళ్లీ వెళ్లి, కొన్నప్పుడల్లా మాట ప్రకారం డబ్బు ఇచ్చేవాళ్లకే మూసలో వేసే ముందు ఫోన్ వస్తుంది.

హైదరాబాద్ వెళ్తే గురువారం జరిగే జుమ్మెరాత్ బజార్, చార్మినార్ చుట్టుపక్కల పాత సామాను కొట్లు చూడొచ్చు. ఇంగ్లిష్ పెట్టెలు తగిలేది అక్కడే ఎక్కువ. పొద్దున్నే వెళ్లండి.

ఆన్‌లైన్‌లో కొనాలంటే మూడు ఫొటోలు అడగండి: అడుగు భాగం, ముద్రలు దగ్గరగా, అతుకులు దగ్గరగా. ఇవ్వకపోతే ఆ వస్తువు వదిలేయండి.

4. చేతిలోకి తీసుకున్నాక చూసే వరస

ఈ వరస మార్చకండి, ఎందుకంటే ముద్ర ముందు చూస్తే మనసు అక్కడే తీర్పు ఇచ్చేస్తుంది, ఆ తర్వాత కళ్లు లోపాలు చూడవు.

ఒకటి, ఆకారం. దూరంగా పెట్టి చూడండి. మూతకు, ఒంటికి పని ఒకేలా ఉందా? కాళ్లన్నీ ఒకే చేతి పనేనా? అత్తరుదాన్ అయితే పైన చిలకో పువ్వో ఉంటుంది, అది విరిగితే వేరేది తెచ్చి అతికించడం మామూలే.

రెండు, అరుగుదల. నిజంగా వాడిన వస్తువు చేయి తగిలే చోటే అరుగుతుంది: పన్నీరు బుడ్డి మెడ, భరిణె మూత అంచు, కంచం అడుగు. నలుపు గుంటల్లో ఉండి ఎత్తు భాగాలు మెరుస్తుంటే సహజం. అంతటా ఒకే నలుపు ఉంటే, ముఖ్యంగా అడుగున కూడా పైన ఉన్నంతే ఉంటే, అది పూసిన నలుపు.

మూడు, అతుకులు. ఇక్కడ ఎక్కువసేపు ఆగండి. వస్తువు మీద నోటితో మెల్లగా ఊపిరి ఊది, ఆవిరి ఆరిపోతుంటే టార్చి పక్క నుంచి వేసి చూడండి. మామూలుగా కనపడని అతుకు గీత, మాసిక వేసిన చోటు, చెరిపేసిన పేరు ఒక్క క్షణం తేలతాయి. వెండి టంకం తెల్లగా, సన్నగా ఉంటుంది. బూడిద రంగులో ముద్దగా కనిపిస్తే సీసం కలిసిన టంకం వాడి రిపేర్ చేశారన్నమాట. దాన్ని మళ్లీ వేడి చేస్తే సీసం వెండిని తినేస్తుంది కాబట్టి తర్వాత మంచి అవుసులాయన దొరికినా బాగుచేయడం కష్టం. ధర బాగా తగ్గించి అడగండి, లేదా వదిలేయండి.

నాలుగు, మందం. నగిషీ లేని చోట బొటనవేలితో మెల్లగా నొక్కండి. ఒకచోట మాత్రం రేకులా లోపలికి పోతుంటే అక్కడ పేరో గుర్తో గీకేసి ఉంటారు.

ఐదు, పేర్లు. మన ఇళ్లలో సామాను మీద పేరు కొట్టించడం అలవాటు. తెలుగులో, ఉర్దూలో చుక్కలతో కొట్టిన పేరు, పెళ్లి సంవత్సరం, తూకం కనిపిస్తే అది లోపం కాదు, ఆ వస్తువు ఎక్కడిదో చెప్పే ఆధారం. గీకించకండి. కానీ గుడి పేరో దేవస్థానం పేరో ఉంటే ఎంత తక్కువకు ఇచ్చినా ముట్టుకోవద్దు.

ఆరు, చివరగా ముద్రలు.

5. ముద్రలు చదవడం

ఇంగ్లాండ్ వెండి మీద విడివిడిగా కొట్టిన చిన్న ముద్రలు వరసగా ఉంటాయి.

- నడుస్తున్న సింహం: 92.5 శాతం వెండి, అంటే స్టెర్లింగ్.
- ఊరు ముద్ర: లంగరు ఉంటే బర్మింగ్‌హామ్, చిరుత తల ఉంటే లండన్, కిరీటం ఉంటే షెఫీల్డ్ (1974 వరకు, ఆ తర్వాత గులాబీ).
- ఒక అక్షరం: సంవత్సరం.
- తయారీదారు ఇంగ్లిష్ పొడి అక్షరాలు.
- రాజు లేదా రాణి తల: 1784 నుంచి 1890 వరకు కొట్టిన పన్ను ముద్ర. ఇది ఉంటే ఆ వస్తువు చాలావరకు 1890 లోపుదే, అయితే తర్వాత రాజవంశపు ఉత్సవాల సందర్భంగా కొట్టిన తల ముద్రలూ ఉన్నాయి.

ఎక్కువమంది చేసే తప్పు ఊరు ముద్ర చూడకుండా అక్షరం పట్టుకుని సంవత్సరం చెప్పేయడం. అదే అక్షరం లండన్‌లో ఒక సంవత్సరం, బర్మింగ్‌హామ్‌లో ఇంకో సంవత్సరం. ముందు ఊరు, తర్వాత అక్షరం, దాంతోపాటు అక్షరం రాత తీరు, దాని చుట్టూ ఉన్న గడి ఆకారం. నాలుగూ కలిస్తేనే పట్టికలో వెతకండి.

రెండో తప్పు ఈపీఎన్ఎస్ దగ్గర. అంటే నికెల్ మిశ్రమం మీద కరెంటుతో వేసిన వెండి పూత. ఆ నాలుగు ఇంగ్లిష్ అక్షరాలనూ నాలుగు చిన్న గడుల్లో అలంకారంగా కొట్టేవాళ్లు, దూరం నుంచి అచ్చం హాల్‌మార్కులానే ఉంటుంది. భూతద్దంతో చదవండి. సింహం లేదంటే ఇంగ్లిష్ స్టెర్లింగ్ అని నమ్మకండి. ఇక జర్మన్ సిల్వర్‌లో వెండి అసలే ఉండదు: రాగి, నికెల్, జింక్.

మన దేశంలో చేసిన పాత వెండికి లెక్క వేరు. బ్రిటిష్ కాలంలో ఇక్కడ తప్పనిసరి హాల్‌మార్కింగ్ లేదు. మద్రాస్ పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తా హామిల్టన్, భుజ్‌లోని ఊమర్సీ మావ్‌జీ లాంటివాళ్లు తమ పేరో పొడి అక్షరాలో కొట్టేవాళ్లు. మన అవుసులాయన చేసిన చెంబు మీద ఏమీ ఉండకపోవచ్చు, అంతమాత్రాన అది నకిలీ కాదు.

6. వెండేనా కాదా

అయస్కాంతం అతుక్కుంటే లోపల ఇనుము ఉందని తెలుస్తుంది. అతుక్కోకపోతే ఏమీ తెలియదు, ఇత్తడి, జర్మన్ సిల్వర్ కూడా అతుక్కోవు.

ఇంట్లో చేయగలిగిన మంచి పరీక్ష నీళ్లది:

1. వస్తువును తూచి గ్రాములు రాసుకోండి.
2. కాంటా మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేయండి.
3. వస్తువును దారంతో వేలాడదీసి, అడుగుకు, పక్కలకు తగలకుండా పూర్తిగా ముంచండి. గాలి బుడగలు పోయేలా ఒకసారి కదపండి.
4. ఇప్పుడు కాంటా చూపే అంకెతో మొదటి బరువును భాగించండి.

415 గ్రాముల గ్లాసు ముంచితే కాంటా 40 చూపిందనుకోండి, 10.4 దగ్గర వస్తుంది, అది స్టెర్లింగ్ వెండికి సరిపోయే అంకె. అదే 48 చూపితే 8.6, అంటే ఇత్తడో జర్మన్ సిల్వరో. లోపల లక్క, చెక్క ఉన్నవాటికి, గాజు సీసాలకు ఈ లెక్క పనిచేయదు. బిద్రీకి అసలు చేయొద్దు.

10.1, 10.2 వస్తే కంగారు పడకండి. నిజాం కాలపు హాలీ సిక్కా రూపాయి 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతమే. బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, 91.7 శాతం. రూపాయలు కరిగించి సామాను చేయించుకోవడం ఉన్న ప్రాంతం మనది, అలాంటి వస్తువులో 92.5 శాతం వెతకడం అన్యాయం.

హాల్‌మార్కింగ్ సెంటర్‌లో మెషిన్ మీద చూపిస్తే నిమిషాల్లో శాతం చెబుతారు, వస్తువుకు గాటు పడదు. అయితే ఆ మెషిన్ చదివేది పైపొరనే. మందంగా వెండి పూత వేసినా మంచి అంకె చూపించగలదు. బాగా అరిగిన చోట, అడుగు అంచున, ఇంకోచోట కలిపి కనీసం మూడుచోట్ల చదివించండి.

7. సింగారపు పెట్టె: ప్రత్యేకంగా చూడాల్సినవి

ఇంగ్లాండ్‌లో 19వ శతాబ్దంలో బాగా వాడుకలో ఉన్న సామాను ఇది. కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే ప్రశ్న: ఇందులోవన్నీ మొదటి నుంచి కలిసే ఉన్నాయా?

బల్ల మీద గుడ్డ పరిచి ఒక్కో సీసా తీసి వరసగా పెట్టండి. ప్రతి మూత భూతద్దం కింద చూడండి. తయారీదారు, సంవత్సరం, పైన చెక్కిన పొడి అక్షరాలు అన్నిటి మీదా ఒకటే ఉండాలి. ఒక మూత మీది అక్షరాల వంపు మిగతావాటికి భిన్నంగా ఉంటే అది తర్వాత వచ్చి చేరింది. తర్వాత ప్రతి సీసా దాని గూట్లో పెట్టి మెల్లగా కదపండి. అసలుది ఒత్తుగా కూర్చుంటుంది, వేరే పెట్టెది గలగలలాడుతుంది, లేదా మూత మూసుకోనివ్వదు. గూటి అడుగున మఖమలు మీద పడ్డ గుండ్రటి అచ్చు సీసా అడుగుతో సరిపోతుందో కూడా చూడండి. అన్నిటికన్నా నేను నమ్మే సాక్ష్యం ఆ అచ్చే, దాన్ని తయారుచేయడం ఎవరివల్లా కాదు.

చెక్‌లిస్ట్:

- ఖాళీ గూళ్లు ఎన్ని? ఒకటి రెండు పర్వాలేదు, సగం ఖాళీ అయితే అది చెక్క పెట్టె ధరకే.
- సీసా మూతికి, అంచులకు పెచ్చులు ఉన్నాయా? గోరుతో తడిమి చూడండి.
- మూతలో ఉండే అద్దం పాతదేనా? అంచుల్లో మచ్చలు పడితే మార్చకండి.
- చెక్క మీద సన్నని రంధ్రాలు, కింద పొడి ఉన్నాయా? పురుగు ఇంకా బతికే ఉంది.
- తాళం చెవి ఉందా? మూసి ఉన్న పెట్టె, చెవి లేదు అంటే తెరిచి చూపించేదాకా బేరం మొదలుపెట్టకండి.
- రహస్య సొరుగు ఉందా? చాలా పెట్టెల్లో అడుగున నగల సొరుగు స్ప్రింగుతో ఉంటుంది. లోపల ఎక్కడో చిన్న ఇత్తడి బొడిపె నొక్కితే తెరుచుకుంటుంది. చాకు పెట్టి లాగితే ముందు పలక పగులుతుంది.

సీసా బిరడా బిగుసుకుపోతే తిప్పకండి, వేడినీళ్లు పోయకండి. చుట్టూ రెండు చుక్కల నూనె వేసి ఒకరోజు వదిలి మళ్లీ ప్రయత్నించండి. రాకపోతే ఇంకో రోజు.

ఇక అతి ముఖ్యమైన సంగతి. ఈ పెట్టెల్లో బ్రష్షుల పిడులు, అద్దం వీపు చాలాసార్లు ఏనుగు దంతంతోనో తాబేటి చిప్పతోనో ఉంటాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం మన దేశంలో దంతం కొనడం, అమ్మడం నేరం, ఎంత పాతదైనా. దంతం చివర కోత మీద ఒకదాన్నొకటి దాటే సన్నని గీతల జాలీ కనిపిస్తుంది. ఎముక మీద చిన్న నల్ల చుక్కలు ఉంటాయి. సెల్యులాయిడ్ అయితే గీతలు ఒకే దూరంలో నిలువుగా పోతాయి, గుడ్డతో రుద్దితే కర్పూరం వాసన వస్తుంది. కాల్చిన సూది గుచ్చి చూడమని ఎవరైనా చెబితే వినకండి, సెల్యులాయిడ్ భగ్గుమంటుంది. అనుమానం ఉంటే పెట్టె వదిలేయండి.

8. బేరం, కాగితం

రెండు ధరలు విడిగా వేసుకోండి: వెండి ధర, పనితనం ధర. ఆరోజు వెండి రేటును బరువుతో, శాతంతో గుణిస్తే మొదటిది వస్తుంది. రెండోది మీరు ఎంత ఇష్టపడుతున్నారో దాన్ని బట్టి. వస్తువు చూడకముందే ఎంతవరకు వెళ్లగలరో అనుకుని ఉండండి.

లక్క నింపిన కడియాలు, లోపల బరువు పోసిన దీపపు స్టాండ్లు, పిడి ఉన్న చాకులు తూకానికి కొనకండి, లక్కకు వెండి ధర కట్టినట్టవుతుంది.

దుకాణంలో బిల్లు, ఇంట్లో కొంటే అమ్మినవాళ్ల సంతకంతో కాగితం, ఫొటో తప్పనిసరి. దొంగ సొత్తు అని తెలిసి కొనడం నేరం, తెలియకుండా కొన్నా వస్తువు పోతుంది, స్టేషన్ చుట్టూ తిరిగే టెన్షన్ మీకే. ఇంకోటి, పురాతన వస్తువులను వ్యాపారంగా అమ్మాలంటే 1972 నాటి పురావస్తు చట్టం కింద లైసెన్స్ కావాలి.

9. ఇంటికి తెచ్చాక: తక్కువ తోమండి

మొదటి రోజు ఫొటోలు తీయడం తప్ప ఏమీ చేయకండి. మర్నాడు:

1. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపండి.
2. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల పాత్రలు కడిగే లిక్విడ్ వేసి వేళ్లతో కడగండి. పాత కుంకుమ, గంధం, నూనె జిడ్డు సగం దీనికే పోతాయి.
3. వెంటనే మెత్తని గుడ్డతో ఒత్తి, గాలికి పూర్తిగా ఆరనివ్వండి.
4. ఇంకా నల్లగా ఉంటే వెండి పాలిష్ గుడ్డతో ఎత్తు భాగాలు మాత్రమే, ఒకే దిశలో తుడవండి.
5. నగిషీ గుంటల్లో నలుపు అలాగే ఉంచండి. పని కనపడేది దానివల్లే.

టూత్‌పేస్ట్, విభూది, ఇత్తడి తోమే పొడులు వద్దు. గరుకు పొడితో రుద్దినప్పుడల్లా కొంత వెండి పోతుంది, ముద్రలు ముందుగా అరుగుతాయి. అల్యూమినియం ఫాయిల్, వంటసోడా, వేడినీళ్ల పద్ధతి నగిషీ లేని చెంచాలు, గ్లాసులకు పర్వాలేదు. లక్క ఉన్నవి, రాళ్లు పొదిగినవి, కావాలని నల్లబరిచినవి, బిద్రీ అందులో వేయకండి. బిద్రీకి చింతపండు, నిమ్మకాయ కూడా శత్రువులే, పొడిగుడ్డ చాలు.

ఫిలిగ్రీకి పేస్టు పాలిష్ పెట్టకండి, తీగల మధ్య ఇరుక్కుని తెల్లగా గడ్డకడుతుంది. సబ్బు నీళ్లలో ముంచి తీసి, మంచినీళ్లలో కడిగి, హెయిర్ డ్రయర్ చల్లగాలితో ఆరబెట్టండి. విరిగిన తీగ ఉంటే కరీంనగర్‌లో ఆ పని చేసేవాళ్లకే ఇవ్వండి, మామూలు నగల కొట్టులో వద్దు.

సింగారపు పెట్టె మూతలను సీసా నుంచి తీసి విడిగా తుడవండి. లోపలి మఖమలుకు నీళ్లు తగలనివ్వకండి.

10. దాచడం

వాడి వాడి మెత్తబడ్డ, బాగా ఉతికిన నూలు ధోవతి ముక్క అన్నిటికన్నా మంచిది. న్యూస్‌పేపర్, ఉన్ని, రబ్బర్ బ్యాండ్, ప్లాస్టిక్ కవర్ వెండికి తగలకూడదు. రబ్బర్‌లో గంధకం ఉంటుంది, బ్యాండ్ వేసిన చోట నల్లటి గీత దిగిపోతుంది. వానాకాలం ముందు సిలికా జెల్ పొట్లాలు మార్చండి. ఉప్పు వేసే గిన్నెగా వాడినదైతే ఖాళీ చేసి కడిగే పెట్టండి, ఉప్పు వెండిని కొరుకుతుంది.

చెక్క పెట్టెకు మన మే నెల ఎండే పెద్ద గండం. రేకుల కింద గదిలో, అటక మీద పెడితే పలకలు ఎండి అతుకులు విడతాయి. గోడకు ఆనించకుండా, నేల మీద కాకుండా, లోపలి గదిలో పెట్టండి. నెలకోసారి అడుగు ఎత్తి చెదలు చూడండి.

ప్రతి వస్తువుకు నోట్‌బుక్‌లో ఒక పేజీ: ఫొటో, బరువు, కొలతలు, ముద్రల బొమ్మ, ఎక్కడ ఎవరి దగ్గర ఎంతకు కొన్నారు, ఏ రిపేర్ ఎవరు చేశారు. వస్తువు మీద స్టిక్కర్ అంటించకండి, దారంతో చిన్న చీటీ కట్టండి. ఈ నోట్‌బుక్ ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి తెలియాలి, లేకపోతే మీ తర్వాత ఇవన్నీ మళ్లీ కాంటా మీదికే పోతాయి.

11. అమెరికాలో ఉన్న పిల్లలకు పంపొచ్చా?

చాలామంది అడిగేది ఇదే. 100 ఏళ్లు నిండిన కళావస్తువు పురావస్తు చట్టం కింద పురాతన వస్తువు, మామూలు మనుషులు దాన్ని దేశం దాటించకూడదు. అమ్మమ్మదే అయినా, సూట్‌కేసులో పెట్టినా అంతే. 100 ఏళ్ల లోపుదే కానీ పాతగా కనిపిస్తుంటే ప్రయాణానికి చాలా ముందుగానే భారత పురావస్తు శాఖ నుంచి అది పురాతన వస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకోండి. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు ఆపితే చూపించాల్సింది అదే. దరఖాస్తుకు ఫొటోలు, కొలతలు, కొన్న బిల్లు దగ్గర పెట్టుకోండి, నోట్‌బుక్ రాసి ఉంటే అవన్నీ అందులోనే దొరుకుతాయి.